గిజిగాళ్ళకు కట్టిన రక్ష

నేను పెద్ద చదువులు చదవలేదు. మా నాన్న ఊళ్ళో గుడి అరుగు మీద పురాణం చదివేవాడు. ఆయన పక్కన కూర్చుని వేలు పెట్టి చూస్తూ అక్షరాలు నేర్చుకున్నాను. పెళ్ళయి సూరత్ వచ్చాక పగలంతా చీరల మీద వేలాడే దారాలు కత్తిరించే పని, శనివారం ఆడవాళ్ళ భజన. పుస్తకం చూసి అర్థం చెప్పగలిగిన మనిషి అక్కడ నేనొక్కదాన్నే. అందుకని గోడాదరాలోని మా మందిరం పెద్దమనిషి ఒకరోజు, "చెల్లే, పిల్లలకు తెలుగు రాకుంట పోతున్నది, దేవుడు గూడ రాకుంట పోతడు. ఐతారం పొద్దుగాల రెండు ముచ్చట్లు చెప్పు" అన్నాడు. పై అంతస్తు హాలు తాళంచెవి నా చేతికిచ్చాడు.

ఆ పిల్లలు సూరత్‌లో పుట్టినవాళ్ళు. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, బళ్ళో గుజరాతీ. నన్ను పిన్ని అనడానికి మాసీ అని పిలిచేవారు. ఒక ఆదివారం, పావురాన్ని, సాలెపురుగును, తేనెటీగను గురువులుగా చేసుకున్న అవధూత కథ చెబుతున్నాను. వాళ్ళ ముఖాలు చూస్తే కథ లోపలికి పోవడం లేదని తెలిసిపోయింది.

"మీకు తెలిసిన పిట్టల పేర్లు చెప్పుండ్రి" అన్నాను.

"కబూతర్!" అందరూ ఒక్కసారే అరిచారు.

"కౌవా."

"చికెన్" అన్నాడు వెనక వరుసలో ఒకడు. "లెగ్ పీస్ భీ పిట్టదే కదా మాసీ?"

నవ్వులు ఆగాక, ముందు వరుసలో ఎప్పుడూ నా మోకాలికి ఆనుకుని కూర్చునే తొమ్మిదేళ్ళ పిల్ల చెయ్యెత్తింది. "సుగరీ. మా ఇంటెనుక ఖాడీ ఒడ్డుకుంటయి మాసీ. గూడు అల్లుతయి. మా బళ్ళె పుస్తకంల భీ ఉన్నది."

సుగరీ అంటే ఏమిటో నాకు తెలియలేదు. పురాణం ఆపి, పదకొండు మంది పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ పిల్ల వెనకే వెళ్ళాను.

ఖాడీ అంటే ఊరి మధ్య నుంచి పారే వాగు. మిల్లుల రంగునీళ్ళు కలిసి ఒకరోజు నల్లగా, ఒకరోజు ఊదాగా ఉంటుంది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోకుండా దాని ఒడ్డున నిలబడలేం. మగ్గాల షెడ్ల వెనక, నీటి మీదికి వంగిన రెండు ఈతచెట్లకు గూళ్ళు వేలాడుతున్నాయి. పసుపుతల మగపిట్టలు ఈత ఆకు పీచు ముక్కున కరిచి తెచ్చి, తలకిందులుగా వేలాడుతూ అల్లుతున్నాయి. షెడ్లలో మగ్గాల మోత, చెట్ల మీద వీటి కిచకిచ. గిజిగాళ్ళు! పుట్టింటివాళ్ళు కనబడినట్టయింది నాకు. ఆ కంపులో నిలబడి చేతులు జోడించాను.

"ఇవి మనోళ్ళే. నేత పిట్టలు" అన్నాను.

"మరి ఈటికి బోనస్ ఇస్తరా మాసీ?" అన్నాడు లెగ్ పీస్ అన్నవాడు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం సగం సేపు హాల్లో, సగం సేపు ఖాడీ ఒడ్డున. మగపిట్ట సగం అల్లి ఆపుతుంది. ఆడపిట్ట వచ్చి గూటి మీద వాలి, ముక్కుతో లాగి చూస్తుంది. నచ్చకపోతే వెళ్ళిపోతుంది. పిల్లలకు ఇది బాగా తెలిసిన వ్యవహారం. "సేఠ్ వచ్చిండు, చెకింగ్!" అని గుసగుసలాడేవారు. పిట్ట ఎగిరిపోతే "మాల్ రిజెక్ట్!" అని చప్పట్లు. కొంగ, లకుముకిపిట్ట, తోక ఊపే జిట్టంగి, ఒక్కొక్కటీ ఆ మురికినీటి దగ్గరే కనబడ్డాయి. సృష్టించినవాడు ఇంత పాడైన చోటును కూడా విడిచిపెట్టలేదని వాళ్ళకు చెప్పాను. అది నేను నమ్మి చెప్పిన మాట. ఇప్పుడూ నమ్ముతున్నాను.

ఆ పిల్లకు ఒక గూడు ప్రత్యేకం. నీటికి దగ్గరగా, ఒక్కటే కిందికి వేలాడే గూడు. స్కూలు నుంచి రాగానే డాబా ఎక్కి చూసేదట. లోపల గుడ్లున్నాయని, పిల్లలు బయటికి వచ్చేదాకా తను చూసుకుంటానని నాకు మాటిచ్చింది. నేను అడగలేదు, తనే ఇచ్చింది.

రాఖీ పున్నమ మా నేత కులానికి పెద్ద పండుగ. ఆ రోజు మగవాళ్ళు జంధ్యం మార్చుకుంటారు. మందిరంలో దారాన్నే పూజించి ఒకరి చేతికి ఒకరు రక్ష కట్టుకుంటాం. మా మూలపురుషుడు తామర తూడు నుంచి దారం తీసి దేవతలకు బట్ట నేశాడని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినవాళ్ళం. కింద పడిన పోగును మావాళ్ళు కాలితో తొక్కరు. చీపురుతో ఊడ్వరు. ఏరి కళ్ళకద్దుకుని పక్కన పెడతారు. మా ఇంట్లో కత్తిరించిన పోగులు కూడా నేను చెత్తలో వేయలేను, సంచిలో పెట్టి ఉంచుతాను. ఆ అలవాటే నా కళ్ళకు గంతలు కట్టింది. గిజిగాళ్ళు కూడా నేతవాళ్ళే కదా, పున్నమ నాడు వాటికి దారం ఇద్దాం అనుకున్నాను. ఆ మాట చెబితే పిల్లలు గంతులేశారు.

తలా ఒక గుప్పెడు తెచ్చారు. తండ్రులు పనిచేసే షెడ్లలో మిగిలిన పోగులు. ఎరుపు, చిలకపచ్చ, ఊదా. ఆ పిల్ల తండ్రి ఒక కోన్ అడుగున మిగిలిన బంగారు రంగు జరీ పోగు తెచ్చాడు. పళ్ళెంలో పెట్టి స్వామి పాదాల దగ్గర ఉంచాం. ఆ పిల్ల తండ్రి మెట్ల దగ్గర నిలబడి నసిగాడు.

"అక్కా, ఇది కాటన్ గాదు, పాలిస్టర్. మగ్గం మీద ఏలు తాకితే బ్లేడు తీరుగ కోస్తది. పిట్టల కాళ్ళు సన్నగుంటయి. జర సూసుకోండ్రి."

"స్వామి పాదాల కాడ పెట్టిన దారం తమ్మీ. అది ఎవర్ని కోస్తది?" అన్నాను. నవ్వుతూనే అన్నాను.

"సదివినోళ్ళు. మీకే ఎరుక" అని ఆయన చేతులు జోడించాడు.

ఈతచెట్ల పక్కనున్న తుమ్మ కొమ్మలు పిల్లలకు అందుతాయి. నామం చెబుతూ పోగుల్ని వదులుగా కొమ్మలకు కట్టారు. ఆ పిల్ల జరీ పోగును మూరలుగా కత్తిరించి ఒక్కొక్కటే కట్టింది. మేం ఇంకా అక్కడుండగానే ఒక మగపిట్ట వచ్చి ఆ బంగారు పోగునే లాగింది. ముక్కున పట్టుకుని ఎగిరితే వెనక పోగు ఎండలో తళతళమంటూ వెళ్ళింది. పిల్లలు కేకలు పెట్టారు. ఆ పిల్ల నోరు రెండు చేతులతో మూసుకుని నా వైపు చూసింది. మరునాడు భజనలో ఈ సంగతి చెబితే ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. పెద్దమనిషి ఫొటో అడిగి తీసుకుని వాట్సాప్‌లో అందరికీ పంపాడు. నన్ను మెచ్చుకున్నవాళ్ళను లెక్కపెట్టలేదు కానీ, ఆ రోజు లోపల ఎంత తీపిగా ఉందో నాకు గుర్తుంది.

తర్వాత వానలు పట్టుకున్నాయి. ఖాడీ పొంగి గల్లీల్లోకి నీళ్ళొచ్చాయి. రెండు ఆదివారాలు ఎవరూ ఇల్లు కదల్లేదు, ఆ పిల్లను డాబా కూడా ఎక్కనివ్వలేదట. మూడో ఆదివారం బురదలో చెప్పులు చేత పట్టుకుని వెళ్ళాం.

గూళ్ళు తళతళమంటున్నాయి. ఈత పీచు మధ్య ఎరుపు, పచ్చ, బంగారం. చూడ్డానికి పెళ్ళిపందిట్లో కట్టినట్టున్నాయి. ఒక గూటి మూతి కింద పిట్ట ఒకటి తలకిందులుగా ఊగుతోంది.

"ఉయ్యాల ఊగుతుంది మాసీ" అన్నాడొకడు.

గాలికి అది మా వైపు తిరిగింది. దాని కంటి చోట చీమలున్నాయి.

పక్క చెట్టుకు ఇంకొకటి, రెక్కకు ఎర్రపోగు చుట్టుకుని. ఆ పిల్ల తన గూడు వైపు చూస్తోంది. దాని మీద పిట్ట ఏదీ వాలడం లేదు. లోపల నుంచి మాత్రం సన్నగా, ఆగి ఆగి, ఒక కూత వినబడుతోంది.

ఆమె పరుగెత్తి తండ్రిని తీసుకొచ్చింది. ఆయన లుంగీ ఎగగట్టి, మోకాటిలోతు నల్లనీటిలో దిగి, వెదురుకర్రకు కొడవలి కట్టి ఆ గూటిని కోసి దించాడు. ఒడ్డున నా ఒళ్ళో పెట్టి చీల్చాడు. మూడు పిల్లలు. ఈకలు సగం మొలిచాయి. మూడింటి కాళ్ళనూ ఒకే జరీ పోగు కలిపి చుట్టేసింది. అవి పెరిగిన కొద్దీ పోగు మాంసంలోకి దిగింది. రెండు చచ్చిపోయి ఉన్నాయి. మూడోది నోరు తెరుస్తోంది. దాని పాదం ఒకటి నల్లబడి ఎండుపుల్లలా ఉంది.

ఆయన పోగును వేళ్ళతో తెంపబోయాడు. తెగలేదు. పంటితో కొరికాడు. తెగలేదు. "మా దారం తెగదక్కా" అన్నాడు మెల్లగా. "తెగకూడదనే చేస్తరు."

దారాలు కత్తిరించే చిన్న కట్టర్ నా కొంగు ముడిలో ఎప్పుడూ ఉంటుంది. దానితో నేనే కత్తిరించాను.

మిగతా పిల్లల్ని తుమ్మ కొమ్మల మీది పోగులన్నీ విప్పమని చెప్పి, బతికినదాన్ని ఆ పిల్ల చున్నీలో చుట్టుకుని ఆటోలో బయలుదేరాం. పతంగుల పండుగకు మాంజా దారం తగిలి రెక్కలు తెగిన పక్షులకు ఈ ఊళ్ళో వైద్యం చేసేవాళ్ళున్నారు. పర్వత్ పాటియా దగ్గర ఒకాయన ఏడాది పొడుగునా చూస్తాడని తెలిసింది. నేను, ఆ పిల్ల, ఆమె తండ్రి. ఆటోలో ఆ పిల్ల చున్నీ మీదకు వంగి నామం చెబుతూనే ఉంది. నేను నేర్పిన నామమే. నేను కూడా చెబుతున్నాను.

ఆ పక్షుల వైద్యుడు గుజరాతీ ఆయన. వయసు మళ్ళినవాడు. బల్ల మీద పెట్టి లైటు కింద చూశాడు. పట్టుకారుతో మాంసంలో నుంచి మిగిలిన జరీ ముక్క బయటికి తీసి వెలుతురుకు పెట్టాడు.

"ఆ దోరీ కోణే ఆపీ?"

ఈ దారం ఎవరిచ్చారు అని అడిగాడు. గదిలో మేం ముగ్గురం ఉన్నాం. తండ్రి నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. ఎంతసేపు అని చెప్పలేను, ఒక ఊపిరి తీసుకునేంత సేపు. ఆ ఊపిరిలో నేను చెప్పాల్సింది.

"మే ఆపీ" అంది ఆ పిల్ల. నేనిచ్చాను.

ఆయన ఆమెను తిట్టలేదు. తల ఊపి పనిలో పడ్డాడు. ఆ పక్షికూన మేం అక్కడుండగానే, సాయంత్రం కాకముందే చచ్చిపోయింది.

తర్వాతి ఆదివారం ఆ పిల్ల రాలేదు. మందిరం మెట్ల మీద తండ్రి నన్ను ఆపాడు. "తిండి ముందల కూసుంటది అక్కా, ముద్ద కలుపుతది, పెట్టుకోదు. చేతుల రాఖీ తెంపేసింది. చేతులు కడిగిందే కడుగుతున్నది. నాకు పాపం తగుల్తదా బాపూ అని అడుగుతది. నేనేం చెప్పాలె? నా మాట ఇనది. మీ మాటంటే ఇంటది."

ఆయన దారం సంగతి నాకు ముందే చెప్పాడు. ఆ మాట ఆయన ఇప్పుడు ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు తేలికగా ఉండేది.

పెద్దమనిషి దగ్గరికి వెళ్ళాను. ఆయన చెడ్డవాడు కాదు. కాసేపు ఆలోచించి, "మిల్లులోళ్ళు ఇడిసిన రంగునీళ్ళు తాగి సచ్చినయని చెప్పు చెల్లే" అన్నాడు. "గా నీళ్ళు మంచియా ఏంది? పెద్ద అబద్ధం గాదు. పొల్లకు బరువు దిగుతది. సంఘానికి మాట రాదు. అయినా పావురాల కథ నువ్వే చెప్తవు కద. పిల్లలు వలల పడితే తల్లి భీ పడ్డది. అంతా ఆయన లీల."

"ఆ కథల వల ఏసింది బోయవాడు అన్నా. ఈడ ఏసింది నేను."

"గట్ల అంటే క్లాసు నడువదు" అన్నాడు.

ఇంటికి వచ్చి దేవుడి ముందు కూర్చున్నాను. చేసినవాడికి, చేయించినవాడికి, ఉసిగొల్పినవాడికి, మెచ్చుకున్నవాడికి ఫలం సమానమని నాన్న చెప్పేవాడు. నేనే పిల్లలకు అప్పజెప్పించాను. ఆ లెక్కన ఆ పిల్లకూ వాటా ఉంది. నీకేం పాపం లేదని ఊరికే చెప్పేస్తే అది నా నోటి మాటే అవుతుంది, శాస్త్రం కాదు. రెండు రోజులు పుస్తకాలు తిరగేశాను. చిన్నప్పుడు ఆటగా పురుగుల్ని ముల్లుతో పొడిచినందుకు పెద్దయ్యాక శూలానికి గుచ్చబడిన ఒక మహర్షి కథ దొరికింది. ఆయన ధర్మదేవతనే నిలదీసి, ఇక మీదట పద్నాలుగేళ్ళు నిండనివాళ్ళకు పాపం అంటకూడదని కట్టడి చేశాడు. దాన్ని చదివి ఏడ్చాను. మందు దొరికిందనుకున్నాను.

ఆ ఆదివారం పిల్లల్నే కాదు, తల్లిదండ్రుల్నీ పిలిపించాను. ఆ పిల్లను తండ్రి ఎత్తుకున్నంత పని చేసి తీసుకొచ్చాడు. వెనక గోడకు ఆనుకుని కూర్చుంది. నేను నిలబడే చెప్పాను. దారం ఇద్దామన్నది నేను. అది కోస్తుందని చెప్పినా విననిది నేను. దేవుడి పాదాలకు తాకిందన్న గర్వంతో వస్తువు గుణం మరిచింది నేను. పిల్లలెవరికీ ఇందులో పాపం లేదు. అని, మహర్షి కథ చెప్పాను.

ఒక తల్లి లేచి, "పండుగ నాడు మా పోరల చేత జీవహత్య చేయించినవా?" అంది. పెద్దమనిషి తల వంచుకుని సెల్ ఫోన్ చూసుకుంటున్నాడు.

ఆ పిల్ల వెనక నుంచి అడిగింది. "మాసీ, మరి గా పురుగులు ఏమైనయ్?"

"ఏ పురుగులమ్మా?"

"గాయన ముల్లుతోని పొడిచినయ్."

పుస్తకంలో వాటి గురించి ఇంకేమీ లేదు. అదే చెప్పాను.

అందరూ దిగిపోయాక ఆమె నా దగ్గరికి వచ్చింది. దగ్గరంటే రెండు అడుగుల దూరంలో ఆగింది. రెండు వారాలకే మెడ సన్నబడింది. "నాకు పాపం లేదంటే గవి సచ్చింది ఎవరికి పడాలె?"

"నాకు."

"మరి గాడ పిట్టల డాక్టర్ ముందల మీరు చెప్పలే" అంది. "నేనే చెప్పిన."

ఆ సాయంత్రమే ముగ్గురం మళ్ళీ ఆటో ఎక్కాం. గుజరాతీ ఆయన ఒక పావురం రెక్కకు కట్టు కడుతున్నాడు. వచ్చీరాని గుజరాతీలో మొదలుపెట్టాను. ఆయనకు మేం గుర్తులేం. ఏ పక్షి అని అడిగాడు. ఆయన బల్ల మీద చచ్చినవి అన్నీ ఇన్నీ కావు. మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. పున్నమ, పూజ, పోగులు. మాట తప్పినచోట ఆ పిల్ల అందించింది. దారం ఇచ్చింది నేను, ఈ పిల్ల కాదు అన్నప్పుడు మాత్రం ఆమె ఏమీ అందించలేదు. నా ముఖంలోకి చూస్తూ నిలబడింది.

ఆయన విని, "గూళ్ళలో అల్లిన దారం ఇంకా ఉందా?" అన్నాడు.

"ఉంది. రేపే పీకేస్తాం" అన్నాను.

"వద్దు. లోపల గుడ్లో పిల్లలో ఉంటే గూడు పోతుంది, అవీ పోతాయి. అవి ఎగిరిపోయి గూళ్ళు ఖాళీ అయ్యాక తీయండి."

"అప్పటిదాకా?" అంది ఆ పిల్ల.

"అప్పటిదాకా చూస్తూ ఉండాలి. ఏదైనా చిక్కుకుంటే వెంటనే కోయండి" అని, పొడుగు కర్ర చివర కత్తెర బిగించినది ఒకటి మాకిచ్చాడు.

హాలు తాళంచెవి వారం తిరగకముందే పెద్దమనిషి అడిగి తీసుకున్నాడు. ఆయన దగ్గరికి వెళ్ళొచ్చిన రాత్రి ఆ పిల్ల సగం రొట్టె తిన్నదని తండ్రి చెప్పాడు. క్షమించిందో లేదో నేను అడగలేదు. అడిగే హక్కు నాకుందని అనుకోను.

పిట్టలు ఎగిరిపోయేదాకా, రోజూ స్కూలు వదిలాక, ఖాడీ ఒడ్డున ఇద్దరం రాళ్ళ మీద కూర్చునేవాళ్ళం. కర్ర మా మధ్యన. ఆమె నాతో ఎక్కువ మాట్లాడేది కాదు. నేను లోపల నామం చెప్పుకుంటూ, తళతళమనే ఆ గూళ్ళను ఒక్కొక్కటిగా చూసేదాన్ని. ఏదైనా గూటి మూతి కింద వేలాడుతూ ఊగితే ఇద్దరం ఒక్కసారే లేచేవాళ్ళం. కొన్నిసార్లు అది గడ్డిపోచే.